పారణ వేళకు నాలుగో కోట

ఆకులు వేసి చాలాసేపయింది. భీమరావు ఇంకా రాలేదు.

ద్వాదశి ఎనిమిదిన్నరకే వెళ్ళిపోతుందని పంచాంగం చూసి చెప్పింది ఆయనే. ఏకాదశి అంతా నిరాహారంగా ఉండి, మర్నాడు ద్వాదశి ఉండగానే పారణ చెయ్యకపోతే ఆ ఉపవాసం బూడిదలో పోసిన పన్నీరేనని ముప్పై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ నూరిపోసిందీ ఆయనే. అలాంటి మనిషి, గడియారం ఎనిమిది దాటుతున్నా, ఇంట్లో లేడు.

భీమరావు భార్య అంబాబాయి వంటింటి గుమ్మంలో నిలబడి వీధి వాకిలి వైపే చూస్తోంది. చీకటితోనే లేచి, కోడలు గిరిజను పక్కన పెట్టుకుని మడితో వండిన అవిశాకు కూర, పెసరపప్పు చారు చల్లారిపోతున్నాయి. నైవేద్యం కూడా అయిపోయింది. ఇంటి పెద్ద ఆకు ముందు కూర్చోనిదే ఎవరూ మెతుకు ముట్టేది లేదు.

ఆకుల ముందు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడు కొడుకు వాదిరాజ. రెండోవాడు అల్లుడు వెంకోబారావు. బెంగుళూరు నుంచి ఒక్కడే వచ్చి వారమైంది. అక్కడి జీవితంలో ఉపవాసాల అలవాటు తప్పిపోయిందేమో, పాపం, ఆకలి మొహం నిండా కనిపిస్తోంది.

మామగారు ఎక్కడికి వెళ్ళారని ఆయన అడిగాడు. అప్పటికి చాలాసార్లు అడిగి ఉన్నాడు.

వాదిరాజ నీళ్ళు నమిలాడు. సంధ్యావందనం ముగించుకుని నాన్న అంగడి వైపు వెళ్ళాడనీ, వంటయ్యేలోపల ఒకసారి చూసొచ్చి మళ్ళీ నీళ్ళు పోసుకుంటానన్నాడనీ చెప్పాడు. అది ఆరు గంటల మాట.

అంగడి అనే మాట వినబడగానే ఇంట్లో అందరూ నోళ్ళు మూసుకున్నారు. వారం రోజులుగా ఆ ఇంట్లో జరిగిన పోట్లాటలన్నీ ఆ మాటతోనే మొదలయ్యాయి మరి.

అంగడంటే రెండిళ్ళ అవతల, వీధి మలుపులో ఉన్న గది. భీమరావు రిటైరయ్యేదాకా అందులో పిల్లలకు లెక్కలు చెప్పాడు. పోయిన ఏడాది, ఎనభై ఆరులో, వాదిరాజ అందులో వీడియో గేము మిషను తెచ్చి పెట్టాడు. నాణెం వేస్తే తెర మీద ఒక కోతి చెట్టు మీంచి చెట్టు మీదికి దూకుతూ పండ్లు కోస్తుంది. కింద కుక్క కాచుకుని ఉంటుంది. పట్టు తప్పితే కుక్క నోట్లో పడుతుంది, ఆట అయిపోతుంది. చేతిలో టీ గ్లాసు చల్లారేలోపల ఎంతటి ఆటగాడైనా కుక్కపాలు కావలసిందే. మిషను మీద ఇంగ్లీషులో ఏదో పేరుండేది కానీ అది ఎప్పుడో చెరిగిపోయింది. ఆదోని జనం దానికి కోతి మిషను అని పేరు పెట్టుకున్నారు.

వెంకోబారావు వస్తూ వస్తూ బెంగుళూరు నుంచి ఇంకో మిషను లారీలో వేయించుకొచ్చాడు. అందులో ఒక రాజకుమారుడు కత్తి పట్టుకుని కోటల్లో తిరుగుతాడు. ఒక కోట దాటితే ఇంకో కోట. చచ్చిపోతే పది అంకెలు లెక్కపెట్టేలోపల ఇంకో నాణెం వేస్తే చచ్చినచోటే లేచి నిలబడతాడు. బెంగుళూరులో కుర్రకారంతా దానికే ఎగబడుతోందని అల్లుడి మాట. అయితే దాని యజమాని ఊరికే ఇవ్వడు. దానికి బదులు పాత కోతి మిషను ఆయనకు పంపెయ్యాలి.

పంపకూడదని గిరిజ. పంపాలని వెంకోబారావు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళదే సరి అనడం వాదిరాజ పద్ధతి. చివరికి గది తనది కాబట్టి తీర్పు తానే చెప్తానని భీమరావు ప్రకటించాడు. రెండూ స్వయంగా ఆడి చూస్తాడు. ద్వాదశి పారణ అయ్యాక చెప్తాడు. ఏది ఉండమంటే అది ఉండాలి, ఏది పొమ్మంటే అది పోవాలి. నిన్న మధ్యాహ్నం కోతి మిషను ముందు కూర్చుని లేచాడు. ఇవాళ రెండోదాన్ని పరీక్షిస్తానని వెళ్ళాడు.

ఇప్పుడాయన్ని పిలుచుకొచ్చేదెవరు? అంతా మడిలో ఉన్నారు. వీధిలోకి వెళ్తే మడి పోతుంది. మళ్ళీ స్నానం చేసి రావడానికి వ్యవధి లేదు. ఇంతకు ముందే వీధిలో పూలమ్ముకుంటూ పోతున్న తిమ్మక్కను కేకేసి కబురు చెప్పి పంపారు. పెద్దయ్య ఒక్క నిమిషంలో వస్తానన్నాడని ఆమె వచ్చి చెప్పి వెళ్ళిపోయింది. ఆ ఒక్క నిమిషం అరగంటగా సాగుతోంది.

"నేను పోతాను," అంది గిరిజ.

వెళ్తే ఇక వంటిల్లు ముట్టుకోవడానికి లేదు, పంక్తిలో వడ్డించడానికీ లేదు. అత్త ఒక్కతే చేసుకోవాలి. ఆ సంగతి అంబాబాయి కళ్ళతోనే చెప్పింది. అయినా వద్దనలేదు. మొగుడి ఉపవాసం పాడవడం కంటే కోడలి మడి పోవడమే మేలనుకుంది.

గిరిజ గడప దాటుతుంటే వాదిరాజ వెనక నుంచి మెల్లగా అన్నాడు. "నాయన్ని ఏమీ అనాకు."

ఏమీ అనకుండా మనిషిని లేపుకురావడం ఎట్లాగో కూడా చెప్పి ఉంటే బాగుండేదని గిరిజ అనుకుంది. అనుకుని నడిచింది.

అంగడి తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో అయ్యన్న నిలబడి ఉన్నాడు. పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద కూడా దూది నూగు ఉంది. రోజూ ఇంటికి పోయే దారిలో ఒక్క కోతి ఆట ఆడి పోతాడు. ఒక్కటే. రెండోది ఎప్పుడూ ఆడలేదు.

"అమ్మా, పెద్దయ్యను మూడుసార్లు పిలిస్తి. సూడనే సూడ్లేదు," అన్నాడు అయ్యన్న. ఆ గొంతులో ఫిర్యాదు కంటే భయం ఎక్కువగా ఉంది. ఆయన దగ్గర ఎక్కాలు చదువుకున్నవాడు మరి.

గిరిజ లోపలికి తొంగి చూసింది.

ఆదోనిలో సగం మంది పిల్లల చేత కూడికలూ తీసివేతలూ చేయించిన భీమరావు, పంచె మోకాళ్ళ పైకి దోపుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి, ఎత్తుపీట మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మిషను పిడి మీద ఉంది. డబ్బుల పెట్టె మూత తెరిచి ఉంది. రాజకుమారుడు చచ్చినప్పుడల్లా అందులోంచి అదే నాణెం తీసి మళ్ళీ వేస్తున్నాడు. అంత పెద్దమనిషి చేసే పని కాదది. కానీ అది ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"మామయ్యా, పారణ వేళ మించిపోతాంది."

"వస్తాండా. ఈ కోట దాటితే అయిపాయె."

"దీని తర్వాత ఇంకోటి ఉండాది మామయ్యా."

"ఉంటే ఉండనీ. ఇది నాలుగోది. ఈడిదాకా వచ్చి వదిలేస్తే మళ్ళా మొదట్నుంచి రావల్ల."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన తల తిప్పలేదు. గిరిజకు నవ్వు రావలసింది. రాలేదు. ఆయన మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. పెదవులు ఎండిపోయాయి. నిన్నటి నుంచి గుక్కెడు నీళ్ళు లేని మనిషి, ఆకలి సంగతి కూడా మరచిపోయి, లేని రాజకుమారుడి కోసం లేని కోట గోడలెక్కుతున్నాడు. ఆయన మీద గిరిజకు జాలేసింది. ఆ మిషను మీద ఒళ్ళు మండింది.

మామూలు రోజైతే ఈపాటికి కరెంటు పోయి ఉండేది. ఆదోనిలో కరెంటు చెప్పా పెట్టకుండా పోతూనే ఉంటుంది. ఇవాళ అవసరమైన వేళ, చుట్టంలా తిష్ట వేసి కూర్చుంది.

ఆమె ఇంకోసారి పిలిచింది. అత్తయ్య కళ్ళు తిరిగేలా ఉందని చెప్పింది. అల్లుడు ఆకు ముందు కూర్చుని ఉన్నాడని చెప్పింది. ప్రతి మాటకూ ఆయన ఊకొట్టాడు. ఆ ఊకొట్టడం కూడా మిషనుకే కొడుతున్నట్టుంది. తెర మీద రాజకుమారుడు పడిపోయాడు. పది, తొమ్మిది, ఎనిమిది అని అంకెలు రావడం మొదలైంది. ఆయన చెయ్యి డబ్బుల పెట్టెలోకి వెళ్ళింది.

మెయిన్ స్విచ్చి తలుపు పక్కనే గోడకు ఉంది.

మామగారు ఆడుతుంటే కోడలు కరెంటు ఆపడం ఏ ఇంట్లోనైనా చిన్న సంగతి కాదు. గది ఆయనది. తీర్పు ఆయనది. ఆ తీర్పు మీదే అంగడి నిలబడి ఉంది. ఆయనకు కోపం తెప్పిస్తే మధ్యాహ్నానికి కోతి మిషను లారీ ఎక్కుతుందని గిరిజకు బాగా తెలుసు. తెలిసే చెయ్యి ఎత్తింది. స్విచ్చి కిందికి లాగేసింది.

గదిలో చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

భీమరావు కాసేపు నల్లటి తెర వైపే చూశాడు. తర్వాత మెల్లగా తిరిగాడు. "కరెంటు పోయిందా?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క అబద్ధంతో ఆ రోజు గొడవలన్నీ తప్పిపోయేవి.

"లేదు మామయ్యా. నేనే ఆపినాను."

ఆయన పిడి వదిలాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. దోపుకున్న పంచె కిందికి దించుకున్నాడు. కోడలి పక్క నుంచి, ఆమె వైపు చూడకుండా, వీధిలోకి దిగి గబగబా ఇంటికి నడిచాడు. తిట్టి ఉంటే గిరిజకు కొంచెం తేలికగా ఉండేది.

ఇప్పుడు తొందరపడి ఇంటికి వెళ్ళి చేసేదేమీ లేదు. ఆమె స్విచ్చి పైకి వేసి, ఆడుకొమ్మని అయ్యన్నకు చెప్పింది. అతను మొహమాటపడుతూనే కోతి ముందు కూర్చున్నాడు. కోతి మూడు చెట్లు దూకింది, నాలుగోదాని మీద కాలు జారింది, కుక్క నోరు తెరిచింది. అయ్యన్న పగలబడి నవ్వాడు. రాత్రంతా దూది దుమ్ములో దగ్గిన మనిషి. లేచి, రేపు దాని కథ చెప్తానని కుక్క వైపు వేలు చూపించి బెదిరించి ఇంటికి వెళ్ళిపోయాడు.

గిరిజ ఈ నవ్వు కోసమే వారం రోజులుగా అందరితోనూ తగవు పెట్టుకుంది. ఆమె ఎమ్మిగనూరు పిల్ల. తండ్రి నేత సొసైటీలో గుమాస్తా. మగ్గం గుంటలోంచి లేచిన నేతగాళ్ళు బండమీద గీసుకున్న గళ్ళలో ఒక్క పులిమేక ఆట ఆడి, ఓడినవాణ్ణి ఏడిపించి, మళ్ళీ గుంటలోకి దిగడం చిన్నప్పటి నుంచి చూసింది. ఆట అంటే మనిషిని పనిలోకి నవ్వుతూ తిరిగి పంపేదని ఆమె లెక్క. ఎమ్మిగనూరులో సొసైటీ వీధిలోనూ ఇట్లాంటి అంగడి ఒకటి పెట్టాలని, దాన్ని తానే నడపాలని ఆమె కోరిక. ఈ కోతి వెళ్ళిపోతే అది కూడా వెళ్ళిపోయినట్టే.

తాళం వేసి ఆమె ఇంటికి వచ్చేసరికి భీమరావు నాలుగు చెంబులు నీళ్ళు పోసుకుని ఆకు ముందు కూర్చున్నాడు, పంక్తి సాగుతోంది. ఆ ఇంట్లో భోజనం మౌనంగా చెయ్యాలి. పరిషేచనం చేసి మొదటి ముద్ద నోట పెట్టాక చెయ్యి కడిగేదాకా మాట్లాడరాదు, మధ్యలో లేవరాదు. గిరిజ మడి పోయింది కాబట్టి వసారాలో కిటికీ పక్కన కూర్చుంది. లోపల వడ్డనకు తిరుగుతున్న అత్త గాజుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. వడ్డన మధ్యలోనే ఆమె ఇంత తీర్థం పుచ్చుకుని తన పారణ అయిందనిపించుకుంది. గడియారం ఎనిమిదిన్నర కొట్టింది. ఎట్లాగో అందరికీ పారణ దక్కిందని గిరిజ ఊపిరి పీల్చుకుంది.

కిటికీలోంచి భీమరావు మొహం కనిపిస్తోంది. ఆయన ముద్ద ముద్దకూ ఆగుతున్నాడు. కోపమో, అలసటో, సిగ్గో గిరిజకు అంతుపట్టలేదు. అంబాబాయి మొగుడి మొహం చూసి ఏదో జరిగిందని పసిగట్టింది. కిటికీ వైపు ఒకసారి చూసి, చారు గిన్నె తీసుకుని వెనక్కి తిరిగింది.

అప్పుడే వీధిలో లారీ వచ్చి ఆగింది.

డ్రైవరు మాదన్న దిగి వచ్చి, అంగడి తాళం తియ్యమన్నాడు. పాత మిషను ఎక్కించుకోవాలట.

ఎవరు చెప్పారని గిరిజ అడిగింది.

"బెంగుళూరు సారు సెప్పినాడమ్మా. నిన్న సాయంత్రమే మాటైపాయె. మీ ఆయన గూడ ఆన్నే ఉండె."

గిరిజ కిటికీలోంచి చూసింది. మాదన్న గొంతు చిన్నది కాదు. లోపల అందరికీ వినబడింది. వెంకోబారావు మజ్జిగ అన్నం కలుపుకుంటున్నాడు, ఏమీ ఎరగనట్టు. వాదిరాజ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. భార్య చూస్తోందని తెలిసి కళ్ళు ఆకులోకి దించుకున్నాడు. మాట్లాడకూడదన్న ఆచారం ఆ క్షణంలో అతనికి ఉపయోగపడినంతగా ఎవరికీ ఎప్పుడూ ఉపయోగపడి ఉండదు.

తీర్పు రాకముందే నిన్ననే నిర్ణయమైపోయింది. బావ చెప్పాడు, ఈయన తలూపాడు. మొన్నటి నుంచి అత్తతోనూ, తనతోనూ నాన్న ఏం చెప్తే అదే అంటూ వచ్చిన మనిషి, గుట్టుచప్పుడు కాకుండా లారీ మాట్లాడుకున్నాడు. బెంగుళూరులో బావతో కలిసి పెద్ద అంగడి పెడతానని అతను రెండు నెలలుగా కలలు కంటున్నాడని ఆమెకు తెలుసు. కల కనడంలో తప్పు లేదు. చెప్పకుండా ఉండడం తప్పు.

మాదన్న తొందరపెట్టాడు. మధ్యాహ్నానికల్లా గుంతకల్లు దాటాలట.

"తాళం నా దగ్గరే ఉండాదన్నా. పెద్దాయన చెయ్యి కడుక్కొనేదాకా ఇయ్యను. నువ్వు కావాలంటే ఖాళీ లారీతో పో," అంది గిరిజ. అరవలేదు. కూరగాయలు బేరమాడినంత మామూలుగా అంది. మాదన్న ఆ మొహం చూసి, బీడీ వెలిగించుకుని లారీ మెట్టు మీద కూర్చున్నాడు.

లోపల అందరి చేతులూ వేగంగా కదిలాయి. భీమరావు ఒక్కడే తొందరపడలేదు. ఆయన చివరి మెతుకు దాకా తిని, ఉత్తరాపోశన పట్టి, చెయ్యి కడుక్కుని వచ్చేదాకా కొడుకూ అల్లుడూ కూర్చోవలసి వచ్చింది.

మౌనం తీరగానే వెంకోబారావే ముందు వసారాలోకి వచ్చాడు. గిరిజను వదిలేసి మామగారితోనే మాట్లాడాడు. ఆయన మాటల్లో దాపరికం లేదు, అది మెచ్చుకోవలసిందే. కోతి ఆట కూర్చునేలోపల అయిపోతుందనీ, అట్లాంటివాటికి కాలం చెల్లిందనీ, బెంగుళూరులో ఇవాళ నడిచేది రేపు ఆదోనికి రాక మానదనీ చెప్పాడు. ముందుగా పట్టుకున్నవాడే బాగుపడతాడన్నాడు. ఆ ఆట ఎంత బాగుందో మామగారే సాక్ష్యమని, పారణ సంగతే మరిచిపోయేంత బాగుందని నవ్వుతూ అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేదని అంబాబాయి మొహం చూస్తే తెలిసింది.

భీమరావు అరుగు మీద కూర్చున్నాడు. "నువ్వు చెప్పు," అన్నాడు గిరిజతో. అంగడి నుంచి వచ్చాక ఆమెతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"ఫ్యాక్టరీ కూత పడితే మనిషి లేచి పోవల్ల మామయ్యా. కోతి మిషను పోనిస్తుంది. అయ్యన్న ఏడాదిగా రోజూ వస్తాండాడు. వాడు ఒక్కనాడు గూడా షిఫ్టు తప్పలేదు, నవ్వకుండా పోలేదు. అట్లాంటోళ్ళే మన అంగడికొచ్చేది. కొత్తది మంచిది కాదని నేననను. మనకు వద్దంటాను."

మాదన్న బీడీ ఆర్పేసి లేచి నిలబడ్డాడు. ఎదురింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు.

"ఆట బాగుండాది," అన్నాడు చివరికి భీమరావు. వెంకోబారావు మొహం విప్పారింది. "శానా బాగుండాది. చేసినోడు తెలివైనోడు. నిన్న కోతి ఆటలో నేను ఆడినన్నిసార్లూ ఓడిపోయినా. ఓడినప్పుడల్లా నవ్వినా. ఇయ్యాల నాలుగో కోటదాకా గెల్చుకుంటూ పోయినా. ఒక్కసారి గూడా నవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటాంటే అప్పుడు గుర్తుకొచ్చె."

వెంకోబారావు ఏదో చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"లేయాలని నాకు తెలుస్తానే ఉండె అల్లుడా. లేయలేకపోయినా. అరవై ఏండ్లోణ్ణి, నాకే కాలేదు. ఈ గోడల మధ్య నేను పిల్లోళ్ళకు లెక్కలు చెప్పినా. ఆ గదిలో అది ఉండకూడదు. దాన్ని ఎక్కించండి."

ఆయన లేచాడు. లోపలికి వెళ్ళబోతూ ఆగాడు. "ఇంకొకటి. అంగడి తాళం గిరిజ దగ్గరే ఉంటాది. నన్ను లేపడానికి ఈ ఇంట్లో ఆ యమ్మికొక్కదానికే ధైర్యం వచ్చె. అంగడి నడిపేదానికి అది కావల్ల."

మెచ్చుకున్నాడో దెప్పాడో తెలియదు. గిరిజకు మాత్రం కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళ కాపురంలో ఆయన నోట ఆమె పేరు అంత గట్టిగా రావడం అదే మొదలు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, మాదన్నకు తాళం తీసి ఇచ్చి, కొత్తది ఏదో చూపించింది.

వెంకోబారావు పెట్టె సర్దుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. అత్తగారు బతిమాలింది, ఈ పూటకు ఉండమంది. తనకు కోపమేమీ లేదని ఆయన అన్నాడు. కోపం లేనివాళ్ళు అంత వేగంగా చెప్పులు వేసుకోరు. లారీ దగ్గర నిలబడి బావమరిది వైపు తిరిగి, ఒక్క మాటే అన్నాడు. "నాకిచ్చిన మాట ఏమాయె వాదీ?"

వాదిరాజ వసారా స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. తండ్రి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ వైపు మొగ్గినవాడికి, ఇవాళ చివరి మాట బావదే అయింది. లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని వచ్చాడు. గిరిజ పక్క నుంచి నడిచి వెళ్ళి లారీ ఎక్కి, తలుపు వేసుకుని కూర్చున్నాడు.

అంబాబాయి గడప మీద కూలబడింది. "పిలువు గిరిజా. నువ్వు పిలిస్తే దిగుతాడు."

పిలవాలని గిరిజకూ ఉంది. కానీ ఏమని పిలుస్తుంది? కోతి మిషనును పంపేద్దాం రండి అని పిలవాలా? అది ఆమె వల్ల కాదు. పైగా, చెప్పకుండా లారీ మాట్లాడిన మనిషి తనంతట తానే దిగి రావాలి. ఆమె అంగడి గుమ్మంలోనే నిలబడింది.

కొత్త మిషను లారీ ఎక్కింది. వెంకోబారావు మొదటే ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మాదన్న లారీ స్టార్టు చేశాడు.

వాదిరాజ కిటికీలోంచి తల బయట పెట్టాడు. ఏం చెప్పాలో తెలియక భార్య మొహం వైపే చూశాడు. ఎండిపోయిన ఆమె పెదవులు చూశాడు. చూసి, ఏదో తట్టినట్టు అడిగాడు.

"గిరిజా, నువ్వు నోట్లో ఏమన్నా ఏసుకున్న్యావా?"

గడప మీద అంబాబాయి ఉలిక్కిపడింది. చేత్తో నోరు మూసుకుంది. మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చున్న భీమరావు తల పైకెత్తాడు. నిన్న గిరిజ కూడా ఏకాదశి ఉపవాసం ఉంది. పొద్దుటి నుంచి ఇంత రభసలో ఆమెకు గుక్కెడు తీర్థమైనా ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ద్వాదశి ఎప్పుడో వెళ్ళిపోయింది.

"లేదు," అంది గిరిజ. లారీ చప్పుడు మీదుగా వినబడేట్టు గట్టిగానే అంది. "దిగొచ్చి మీరు వడ్డించండి. తింటాను."

వీధి వీధంతా విన్నది. ఆ ఇంట్లో మగవాడు ఆడదానికి వడ్డించడం ఏనాడూ లేదు. భీమరావు అరుగు మీంచి లేచాడు. వెంకోబారావు పోనిమ్మన్నట్టు డ్రైవరు భుజం తట్టాడు.

మాదన్న గేరు వేశాడు. వాదిరాజ చెయ్యి తలుపు పిడి మీద ఉంది. లారీ కదిలింది.